గాజుకీ కాజుకీ తేడా తెలియని పరీక్ష

కరోనా సద్దుమణిగి ఆఫీసులన్నీ మళ్లీ నిండుగా నడవడం మొదలైన ఏడాది, ఎండాకాలం మొదట్లో, నన్ను రాజమండ్రి హెడ్డాఫీసులో శిక్షణ విభాగానికి మేనేజరుగా వేశారు. అప్పటికి నా సర్వీసు ఇంకా రెండేళ్లుంది. మాది పార్సిళ్లు చేరవేసే ఒక ప్రైవేటు రవాణా కంపెనీ. బుకింగ్ క్లర్కుగా చేరి, కౌంటర్ సూపర్‌వైజరునై, బ్రాంచి మేనేజరునై, చివరికి ఆ కుర్చీలోకి వచ్చాను. శిక్షణ విభాగమంటే ఏదో హంగామా ఊహించుకోవద్దు. నేను, ప్రోగ్రామర్ ఫణి, ఒక ఏసీ, ఆ ఏసీ కింద నీళ్లు పట్టడానికో బకెట్టు. అంతే విభాగం.

మాకు అప్పగించిన పని ఇది. కంపెనీ పాత బుకింగ్ సాఫ్ట్‌వేరు తీసేసి కొత్తది పెడుతోంది. కొత్తదాని మీద చెయ్యి తిరిగాకే క్లర్కుకి లాగిన్ ఇవ్వాలి. చెయ్యి తిరగడానికి ఒక సిమ్యులేషన్ తయారుచెయ్యాలి. సిమ్యులేషన్ అంటే ఉత్తుత్తి సాఫ్ట్‌వేరు. చూడటానికి అసలు తెరలాగే ఉంటుంది. అవే గడులు, అవే బటన్లు. పంపేవారి పేరు, అందుకునేవారి పేరు, గమ్యం, సరుకు, రిమార్క్స్ అన్నీ టైపు చెయ్యాలి. కాకపోతే ఎంత టైపు చేసినా పార్సిలు కదలదు. చివర్లో మార్కులు మాత్రం వస్తాయి.

బటను నొక్కే పనైతే మార్కులు వెయ్యడం తేలిక. సరైన బటను నొక్కాడా లేదా, అంతే. చిక్కంతా టైపు చేసే గడులతోనే. మనిషి ఏం టైపు చేస్తాడో దేవుడికి కూడా తెలియదు. అందుకని ప్రతి గడి వెనకాల ఒక సరైన జవాబు దాచిపెడతారు. దాన్ని ఆన్సర్ కీ అంటారు. టైపు చేసింది కీతో సరిపోతే ఒప్పు, లేకపోతే తప్పు.

ఫణి ముప్పై అయిదేళ్లవాడు, మంచి పనిమంతుడు. అతని షర్టు మడతల దగ్గర్నుంచి టిఫిన్ బాక్సులో కూరల అరల దాకా అంతా ఒక క్రమంలో ఉంటుంది. అతను రాసిన మొదటి సిమ్యులేషన్ కూడా అలాగే ఉంది. కీలో ఉన్నది ఉన్నట్టు పడితేనే ఒప్పు. పెద్దక్షరం చిన్నక్షరం అయినా తప్పు, రెండు మాటల మధ్య ఖాళీ ఒకటి ఎక్కువైనా తప్పు. కొంచెం చూసీచూడనట్టు పోకూడదా అని నేనంటే, "కంప్యూటర్‌కి మొహమాటం ఉండదు మేడమ్" అన్నాడు.

మొదటి పరీక్ష మండపేట బ్రాంచిలో పెట్టాం. మండపేట ఎందుకంటే అక్కడ రద్దీ ఎక్కువ. రైసుమిల్లుల లారీలు, ట్రాక్టర్లు వాకిట్లోనే నిలబడి ఉంటాయి. కౌంటరు మీద పొద్దున్న తుడిచిన తవుడు దుమ్ము మధ్యాహ్నానికి మళ్లీ పేరుకుంటుంది. అలాంటి చోట పనికొచ్చింది ఎక్కడైనా పనికొస్తుందని నా లెక్క.

పరీక్షకి ఇచ్చిన ఊహాపార్సిలు చాలా మామూలుది. మండపేట నుంచి వెంకటేశ్వరరావు అనే ఆయన నరసాపురంలో ఉన్న వాళ్ల పిన్నిగారికి గాజుసామాను పంపుతున్నారు. ఆవిడకి నడవడం కష్టం కాబట్టి పార్సిలు ఇంటికి తెచ్చి ఇవ్వాలి. అంటే రిమార్క్స్‌లో డోర్ డెలివరీ అని రాయాలి.

బ్రాంచిలో దాదాపు అందరూ తప్పారు. వెంకటేశ్వరరావును ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్ని రకాలుగా రాయవచ్చో నాకు ఆ రోజే తెలిసింది. ఒకరు నడుమ హెచ్ పెట్టారు, ఒకరు తీసేశారు, ఒకరు రావును అతికించారు, ఒకరు విడదీశారు. వీ బదులు డబ్ల్యూ వేసినవాళ్లున్నారు. గాజుసామానుకి ఇంగ్లీషు మాట తట్టక గాజు అనే కొట్టినవాళ్లున్నారు. వాళ్లందరికీ తెర మీద ఎర్రటి అక్షరాల్లో ఒకే మాట వచ్చింది: "తప్పు. మళ్లీ ప్రయత్నించండి." ఏది తప్పో చెప్పదు, ఎందుకు తప్పో చెప్పదు.

అందరికంటే అన్యాయంగా తప్పినవారు సూరిబాబు గారు. ఆయన మండపేటలో సీనియర్ బుకింగ్ క్లర్కు. యాభై దాటినవారు, మాటకారి. కౌంటరు ముందు ఎంత పెద్ద వరస ఉన్నా నవ్విస్తూ నడిపించేవారు. నడుము పట్టు వల్ల ఎక్కువసేపు నిలబడలేరు. కంపెనీ నియమం ప్రకారం పరీక్షకి మూడు అవకాశాలు. మూడూ తప్పితే లాగిన్ రాదు. లాగిన్ లేని క్లర్కుని గోడౌన్‌కి మారుస్తారు. గోడౌన్ డ్యూటీ అంటే పొద్దుటినుంచి సాయంత్రం దాకా నిలబడి లోడింగ్ చూడటం. ఆయన మొదటి రోజే రెండు అవకాశాలు అవజేసుకున్నారు.

రెండో పరీక్ష అయ్యాక ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, ఏం టైపు చేశారో చూశాను. పేరు గడిలో వెంకటేశ్వరరావు అని అక్షరం పొల్లుపోకుండా కీలో ఉన్నట్టే కొట్టారు. కొట్టి, దాని పక్కన "గారు" అని పెట్టారు.

"గారు ఎందుకు పెట్టారండి?" అన్నాను.

"పెట్టకపోతే ఎలాగండి? వెంకటేశ్వరరావు గారంటే మా వీధిలో ఆయనే గుర్తొస్తారు నాకు. పెద్దాయన. ఆయన పేరు గారు లేకుండా కొట్టమంటే నా చెయ్యి రాదండి."

"ఇది ఉత్తుత్తి మనిషి కదండీ సూరిబాబు గారూ."

"ఉత్తుత్తోడైనా వయసులో పెద్దోడే కదండీ" అన్నారు.

రిమార్క్స్ గడి చూస్తే ఇంకా తమాషా. డోర్ డెలివరీ అన్న రెండు మాటల బదులు ఆయన తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో ఒక ఉత్తరం రాశారు. అమ్మగారికి మోకాళ్ల నొప్పులనీ, మెట్లు దిగలేరనీ, పార్సిలు ఇంట్లో పెట్టి రావాలనీ, ముందు ఫోను చేస్తే తలుపు తీసి ఉంచుతారనీ. నరసాపురంలో డెలివరీ చేసే మనిషికి ఇంతకంటే కావలసింది ఏమీ లేదు. సిమ్యులేషన్ మాత్రం సున్నా వేసింది.

"అసలు సాఫ్ట్‌వేరులో రిమార్క్స్‌లో ఏం రాసినా ఊరుకుంటదంట. ఫణి గారే చెప్పారు. మరి ఈ ఉత్తుత్తిది ఊరుకోదేంటండి? కందకి లేని దురద కత్తిపీటకెందుకండి?" అని అడిగారు సూరిబాబు గారు.

తిరుగు ప్రయాణంలో కారులో అదే మాట ఫణితో అంటే, "ఆయన అడిగింది సబబే మేడమ్. కానీ ఎక్కడ గీత గియ్యాలో నాకు తెలియట్లేదు. ఒక్క గారుని ఒప్పుకుంటే రేపు బాబాయి గారంటారు" అన్నాడు.

గీత ఎక్కడ గియ్యాలో మేం తేల్చుకునేలోపే ఆ పని జనరల్ మేనేజరు మూర్తి గారు చేసేశారు. ఆయన హోదాలో మాకు రెండు మెట్లు పైన. స్వభావం మంచిదే. కాకపోతే ఏ సమస్యనైనా టీ చల్లారేలోపు తేల్చెయ్యాలనుకునే మనిషి. మండపేట ఫలితాలు చూసి మమ్మల్ని గదిలోకి పిలిచారు.

"ప్రమీల గారూ, పాసు చేయించమని మిమ్మల్ని వేస్తే, ఉన్నవాళ్లందర్నీ ఫెయిల్ చేశారేంటండీ? కొత్త సాఫ్ట్‌వేరు మొదలయ్యేనాటికి కౌంటర్లో మనుషులుండాలా వద్దా? ఆ కీలు వదులు చెయ్యండి."

"ఏ గడిని ఎంత వదులు చెయ్యాలో చూసుకోడానికి కొంచెం టైం కావాలండీ" అన్నాను.

"అన్నీ చెయ్యండి. అంతా ఒకటే" అన్నారాయన.

ఫణి ఆజ్ఞను తు.చ. తప్పకుండా పాటించాడు. కీలో ఉన్న మాటకీ, మనిషి టైపు చేసిన మాటకీ ఎన్ని అక్షరాలు తేడా ఉన్నాయో కంప్యూటరు లెక్కపెట్టేలా చేశాడు. ఈ పని చాలా చోట్ల చేసేదే, కొత్తది కాదు. పొట్టి మాటల్లో రెండు అక్షరాల తేడా, పొడుగు మాటల్లో మూడు అక్షరాల తేడా ఉన్నా ఒప్పే అని పెట్టాడు. సరుకు కీలో గాజు అన్న మాటనీ చేర్చాడు, పేరు పక్కన గారు ఉంటే దాన్ని లెక్కలోంచి తీసేశాడు. రిమార్క్స్ పొడుగ్గా ఉంటుంది కాబట్టి అక్కడ అక్షరాల లెక్క పనిచెయ్యదు. అందుకని ఆ గడిలో ఏదో ఒకటి ఉంటే చాలు.

కొత్త సిమ్యులేషన్ మండపేట వెళ్లిన రోజు మధ్యాహ్నం సూరిబాబు గారు ఫోను చేశారు. గొంతులో పండగ వినిపిస్తోంది.

"మేడమ్ గారూ, పాసండీ! అందరం పాసు! కానీ ఒక మాట చెప్పాలండి. రిమార్క్స్‌లో నేనేం రాశానో తెలుసా? ఈ మెషీనుకి బుద్ధి లేదు అని రాశానండి. సరైన సమాధానం, అభినందనలు అని వచ్చిందండి. పాపం, ఒప్పేసుకుంది!"

వెనక బ్రాంచి అంతా నవ్వుతోంది. నేనూ నవ్వాను. ఫోను పెట్టేశాక మాత్రం నాకు నవ్వు నిలవలేదు. ఆ సాయంత్రమే కూర్చుని, మా బ్రాంచిల పేర్లు, మాకు రోజూ వచ్చే సరుకుల పేర్లు ఒకదాని బదులు ఒకటి కొట్టి చూశాను. ఫలితం ఘనంగా ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో తునికీ పుణెకీ తేడా రెండక్షరాలే. కాబట్టి తునికి పోవాల్సిన పార్సిలు పుణె అని కొట్టినా ఒప్పే. గాజు అన్న మాటకీ, జంగారెడ్డిగూడెం నుంచి బస్తాల్లో వచ్చే కాజుకీ తేడా ఒక్క అక్షరం. కాజుకీ, మండపేట పక్క ఊరివాళ్లు ఊరూరా పంపే కాజాకీ ఇంకో అక్షరం. మా సిమ్యులేషన్ దృష్టిలో గాజు, జీడిపప్పు, మిఠాయి మూడూ ఒకే సరుకు. గాజైతే హమాలీ రెండు చేతులతో దింపాలి. జీడిపప్పు బస్తాని ఎవరూ అలా దింపరు, విసిరేస్తారు.

మర్నాడు ఇది పట్టుకుని మూర్తి గారి దగ్గరికి వెళ్లాను. ఆయన పడీపడీ నవ్వారు.

"కాజా అనుకుని గాజు కొరికేవాడెవడూ లేడులెండి. ఇది శిక్షణ, ప్రమీల గారూ. అసలు కౌంటర్లో మనిషికి బుర్ర ఉంటుంది కదా."

"శిక్షణలో ఏది ఒప్పని చూపిస్తే మనిషి అదే గుర్తుపెట్టుకుంటాడండీ. రేపు కౌంటర్లోనూ అదే కొడతాడు."

"మీరు మరీ భయపడుతున్నారు. నేనే కూర్చుంటాను రండి" అంటూ లేచారు.

నిజంగానే కూర్చున్నారు. మా గదిలో కంప్యూటరు ముందు కూర్చుని ఆ ఊహాపార్సిలంతా టైపు చేసి, అన్ని మార్కులూ తెచ్చుకున్నారు. లేచి, చేతులు దులుపుకుని, "ఇంతేగా" అన్నారు. ఆ ఊపులో ఇంకో పనీ చేశారు. ఆయన స్వస్థలం నరసాపురం. అక్కడ ఆయన అక్కగారుంటారు. ఆవిడకి కంటి ఆపరేషన్ అయిందని, ఆ ఏడు ఆవకాయ పెట్టుకోలేదని, మూర్తి గారి భార్య ఒక పెద్ద ప్లాస్టిక్ డబ్బా నిండా కొత్తావకాయ పెట్టి, సంచిలో కుట్టి, ఆఫీసుకి పంపారు. అప్పటికే మా హెడ్డాఫీసు కౌంటరులో అసలు సాఫ్ట్‌వేరు ప్రయోగాత్మకంగా నడుస్తోంది. మూర్తి గారు కౌంటరులో మనిషిని పక్కకి జరగమని, ఆ డబ్బాని స్వయంగా తానే బుక్ చేశారు. లేబుల్ వచ్చింది. డబ్బాకి అతికించారు. మేమంతా చప్పట్లు కొట్టాం. కొట్టాలి కదా.

రెండు రోజులకి నా ఫోను మోగింది. నాకు తెలియని నెంబరు. అటువైపు మా కంపెనీ మనిషే, కానీ గొంతు మన వైపుది కాదు.

"మేడమ్, రాజమండ్రి నుంచి ఒక పార్సిల్ అచ్చింది. అడ్రసేమో గోదారి రేవు దగ్గర అని రాసిండ్రు. ఇది ఏంది మేడమ్? మా ఊళ్ల గోదారి ఎక్కడిది, రేవు ఎక్కడిది?"

ఏ ఊరని అడిగాను. హైదరాబాద్ అవతల, మెదక్ వైపు నర్సాపూర్ అన్నాడు.

జరిగింది ఇది. మన నరసాపురం రైల్వేస్టేషను బోర్డు మీద ఊరి పేరు చివర పురం ఉండదు, పూర్ ఉంటుంది. చిన్నప్పటినుంచి ఆ బోర్డు చూసిన మూర్తి గారు ఇంగ్లీషులో ఎప్పుడూ నర్సాపూర్ అనే రాస్తారు. మా వదులు సిమ్యులేషన్‌లో కూడా ఆయన అదే కొట్టారు. అక్షరాల తేడా మూడే కాబట్టి అది మహదానందంగా ఒప్పేసుకుంది. అసలు సాఫ్ట్‌వేరుకి ఆ మెతకదనం లేదు. దాని జాబితాలో నరసాపురం ఒక ఊరు, నర్సాపూర్ ఇంకో ఊరు. కొట్టిన ఊరు జాబితాలో ఉంది కాబట్టి మారు మాట్లాడకుండా ఆ ఊరి కోడుతో లేబుల్ ఇచ్చింది. గోడౌన్‌లో హమాలీలు కోడు చూసి హైదరాబాద్ లారీ ఎక్కించారు. అక్కడ ఎవరూ పొరపాటు చెయ్యలేదు.

మూర్తి గారికి ఈ సంగతి చెప్పడానికి నేనూ ఫణీ కలిసే వెళ్లాం. అప్పటికే ఆయన ఫోనులో ఉన్నారు. అవతల ఆయన అక్కగారు. ఆవిడకి కంటికే ఆపరేషన్, గొంతుకి కాదు. గుమ్మం దగ్గర నిలబడ్డ మాకు కూడా వినపడుతోంది.

"ఒరే తమ్ముడూ, నీ కంపెనీలో నువ్వు వేసిన డబ్బాయే రాకపోతే ఊళ్లోవాళ్లవి ఏం తెస్తార్రా మీరు?"

ఆయన ఫోను పెట్టేసి, మా మొహాలు చూసి, "ఎక్కడుంది?" అని మాత్రం అడిగారు. చెప్పాం. ఆయన భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నారేమోనని ఫణి కంగారుపడ్డాడు. కాదు, నవ్వుతున్నారు. నవ్వి, కళ్లు తుడుచుకుని, నర్సాపూర్‌కి ఫోను కలపమన్నారు. అక్కడి క్లర్కు డబ్బా మూత పగిలి నూనె కారిందనీ, వాసనకి హమాలీలు పనులాపి దాని చుట్టూ తిరుగుతున్నారనీ చెప్పాడు. "వెనక్కేం వద్దులే బాబూ, అన్నంలోకి కానిచ్చెయ్యండి" అన్నారు మూర్తి గారు. అక్కగారికి మళ్లీ డబ్బా వెళ్లింది. ఈసారి ఆయన కౌంటరు జోలికి పోలేదు.

మా ఇద్దరికీ మాత్రం, "మీకెంత టైం కావాలో తీసుకోండి. ఏ గడిని ఎంత వదలాలో మీరే తేల్చండి. ఆ పాసులన్నీ రద్దు" అన్నారు.

ఆ చివరి మాట మోసుకుని మండపేట వెళ్లాల్సింది నేను.

సూరిబాబు గారు అప్పటికే బంధువులందరికీ పాసైనట్టు చెప్పుకున్నారు. రద్దు మాట వినగానే ఆయన మొహంలో నవ్వు పోయింది. నేను ఆయన్ని అలా చూడటం అదే మొదటిసారి.

"పాసైనోణ్ణి మళ్లీ ఫెయిల్ చేస్తారాండి? ఇదెక్కడి న్యాయమండి? నాకింక ఒక్క అవకాశమే ఉంది. అది తప్పితే గోడౌను. నా నడుం సంగతి మీకు తెలీదా మేడమ్ గారూ?"

"తెలుసండీ. అందుకే నేనే వచ్చాను."

"మీరొస్తే నడుం ఆగుద్దాండి?" అని మొహం తిప్పేసుకున్నారు.

వాదించి లాభం లేదనిపించింది. మాట మార్చి, గాజు బదులు కాజు అని పడితే గోడౌన్‌లో ఏమవుతుందని అడిగాను. వాకిట్లో లారీ మీదనుంచి బస్తాలు దింపుతున్నారు. ధన్‌మని ఒక్కోటీ పడుతోంది. ఆయన అటు చూసి, "ఏముంది, చూర్ణమే" అన్నారు. సిమ్యులేషన్ దాన్ని ఒప్పన్నదని చెప్పాను. ఆయన నావైపు తిరిగారు.

"నేను పాసయ్యింది అలాంటి దాంట్లోనాండి?"

"అలాంటి దాంట్లోనే."

"మెషీనుకి బుద్ధి లేదని ఊరికే అన్నానండి, తమాషాకి. నిజంగానే లేదన్నమాట" అన్నారు. కోపం పూర్తిగా పోలేదు. కానీ టీ తెప్పించారు. మండపేటలో అది సగం ఒప్పుకోలు.

ఆ తరవాత మేం చేసిన పని కొంచెం వివరంగా చెప్పాలి, వృత్తిలో ఉన్నవాళ్లకి పనికొస్తుంది. ముందు మండపేట, నరసాపురం, జంగారెడ్డిగూడెం బ్రాంచిల వాళ్లని ఒకే పార్సిలుని ఎవరికి తోచినట్టు వాళ్లు టైపు చేసి పంపమన్నాం. తప్పొప్పులు లేవు, మార్కులు లేవు అని చెప్పాం. వచ్చిన జవాబులు చూస్తే ఒక్క జంగారెడ్డిగూడెమే రకరకాలుగా ఉంది. కొందరు మూడక్షరాలకి కుదించారు, కొందరు గూడెం ఒక్కటే ఉంచారు, ఒకాయన జంగారెడ్డి అని ఊరుకున్నాడు. ఫణి వాటన్నిటినీ గుట్టలుగా పోసి, రోజుల తరబడి వాటిలోనే మునిగిపోయాడు. అసలు సంగతి కనిపెట్టింది అతనే. గడులన్నీ ఒక జాతివి కావన్నాడు.

గమ్యం గడిలో అక్షరాల తేడా లెక్క పూర్తిగా తీసేశాం. ఊరికి వాడుకలో ఉన్న పేర్లన్నీ జాబితాలో చేర్చాం. రాజమండ్రి అన్నా రాజమహేంద్రవరం అన్నా ఒప్పే. ఎందుకంటే అవి రెండూ ఒకటే ఊరు, ఆ పేరుతో ఇంకో ఊరు లేదు. కానీ కొట్టిన పేరు ఇంకో ఊరికి కూడా చెల్లితే, ఒప్పనీ అనదు, తప్పనీ అనదు. ఏ ఊరని ఎదురు అడుగుతుంది.

మనుషుల పేర్లలో మాత్రం బాగా వదిలాం. పెద్దక్షరాలు, ఖాళీలు, వీకి డబ్ల్యూ, ఎస్ పక్కన హెచ్ ఇవేవీ పట్టించుకోలేదు. సరుకు గడిలో తెలుగు మాటైనా ఇంగ్లీషు మాటైనా చెల్లుతుంది, అది వేరే సరుకు పేరు కానంతవరకు. రిమార్క్స్‌లో మాటలు కాకుండా సంగతి వెతికించాం. ఇంటికి తెచ్చివ్వాలన్న సంగతి ఏ రూపంలో ఉన్నా చాలు. ఇల్లు, గుమ్మం, తలుపు, డోర్, ఏదైనా.

అన్నిటికంటే ముఖ్యంగా "తప్పు, మళ్లీ ప్రయత్నించండి" అన్న ఎర్ర మాట తీసేశాం. ఏం తేడా వచ్చిందో చెప్పకుండా మళ్లీ ప్రయత్నించమనడం పరీక్ష కాదు, వేధింపు. ఇప్పుడు ప్రతి తేడాకీ ఒక వివరణ వస్తుంది. గారు దగ్గర మాత్రం నాకూ ఫణికీ చాలా చర్చ జరిగింది. అసలు సాఫ్ట్‌వేరులో పేరు పక్కన గారు పడితే మర్నాడు అదే మనిషిని వెతికినప్పుడు దొరకడు. కాబట్టి అలవాటు మాన్పించాలి. కానీ మర్యాదని తప్పు అనకూడదు. చివరికి జవాబుని ఒప్పుగానే తీసుకుని, పక్కన ఒక వాక్యం చూపించాం.

సూరిబాబు గారి మూడో అవకాశం రోజున నేను మండపేటలోనే ఉన్నాను. ఆయన తెల్ల చొక్కా వేసుకొచ్చారు. రెండు వేళ్లతో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ పేరు గడి నింపారు. చివర్లో వేళ్లు ఆగాయి. నావైపు ఒకసారి చూశారు. చూసి, గారు కొట్టేశారు.

తెర మీద వచ్చిన వాక్యాన్ని ఆయన పైకి చదివారు. "పేరు సరిపోయింది. గారుని ఈ గడిలో కాకుండా పలకరింపులో ఉంచండి."

"పలకరింపులో ఉంచమంటందండి" అన్నారు అందరికీ వినపడేలా. "ఇప్పుడొచ్చింది దీనికి మర్యాద."

అక్కణ్ణుంచి ఆయన వేళ్లు తేలికపడ్డాయి. గమ్యం గడిలో తిన్నగా నరసాపురమే కొట్టారు. రిమార్క్స్‌లో మళ్లీ ఉత్తరమే రాశారు, మోకాళ్ల నొప్పులతో సహా. పాసయ్యారు. లాగిన్ ఆ వారమే వచ్చింది. ఆయన కౌంటరు ఆయనకే మిగిలింది.

కొత్త సాఫ్ట్‌వేరు అన్ని బ్రాంచిల్లో మొదలైన కొన్నాళ్లకి ఫణి ఒక నివేదిక తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. బ్రాంచిలవారీగా ఖాతాదారుల ఇంటిపేర్లు. మండపేటలో అన్నిటికంటే ఎక్కువమంది ఇంటిపేరు "గారు". సాఫ్ట్‌వేరులో ఇంటిపేరుకి విడిగా ఒక గడి ఉంది. చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. ఆ ఖాళీ సూరిబాబు గారి కంటపడింది. ఫోను చేసి అడిగితే, "పేరు గడిలో పెట్టొద్దన్నారు. నేను పెట్టలేదండి" అన్నారు. ఫణి ఇంటిపేరు గడికి కూడా ఒక చిన్న నియమం రాయాల్సి వచ్చింది. రాస్తూ, "ఈయన్ని మన విభాగంలో వేసుకుంటే సరిపోయేది మేడమ్, మనం ఊహించనివన్నీ ముందే చేసి చూపిస్తారు" అన్నాడు. మూర్తి గారికి ఫైలు పెట్టాం. ఆయన సంతకం పెట్టారు కానీ సూరిబాబు గారు రానన్నారు. హెడ్డాఫీసులో మాట్లాడటానికి జనం ఉండరట.

ఆ తరవాత నేను రిటైరయ్యేలోపు గోడౌన్ వాళ్లకీ, డ్రైవర్లకీ, బిల్లింగ్ వాళ్లకీ ఇంకొన్ని సిమ్యులేషన్లు చేయించాను. ప్రతిదానికీ మొదటి రోజు ఒకటే పని. టైపు చేసే ప్రతి గడి ముందూ, ఇక్కడ రాసింది తరవాత ఎవరు చదువుతారు అని అడిగేవాళ్లం. మనిషి చదివేదైతే అర్థం కుదిరితే చాలు, అక్షరాల్ని వదిలెయ్యవచ్చు. యంత్రం చదివి లారీ ఎక్కించేదైతే ఒక్క అక్షరాన్ని కూడా వదలకూడదు. ఈ రెంటికీ ఒకే కొలత పెడితే, గట్టిగా పెట్టినా మెత్తగా పెట్టినా నష్టమే. ఏ గడికి ఏ కొలతో తేల్చవలసింది పరీక్ష పెట్టేవాళ్లు. తేల్చాకే మార్కులు వెయ్యాలి.